మందు పెంచినా కొలనులో పాచి ఎందుకు పోవడం లేదు

చంద్రగిరి దగ్గర మామిడి తోటలో ఉన్న మీ ఇంటి ఈత కొలను గురించి వివరంగా రాశారు. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, ఒక చివర ఒక మీటరు, మరో చివర 1.8 మీటర్ల లోతు. నింపేది బోరు నీళ్లతో. రెండేళ్లుగా వేస్తున్నది వారానికి కిలో చొప్పున టీసీసీఏ 90 అనే క్లోరిన్ మందు. ఉగాది దాటినప్పటి నుంచి గోడలకు పాచి పడుతోందని, మందు రెట్టింపు చేస్తే నాలుగు రోజులు తగ్గి మళ్లీ నీళ్లు పచ్చబడుతున్నాయని, కిట్‌లో చూస్తే మాత్రం క్లోరిన్ ఉన్నట్లుగానే పసుపు రంగు వస్తోందని అన్నారు. మైలుతుత్తం వేయమని ఒకరు, నీళ్లన్నీ తోడి పారేయమని ఇంకొకరు చెప్పారట. ఏది చేయాలన్నది మీ ప్రశ్న. మైలుతుత్తం వద్దు. నీళ్లు మార్చక తప్పేలా లేదు గానీ అన్నీ మార్చనక్కర లేదు, బహుశా ముప్పావు వంతు సరిపోతుంది. అలా మార్చవలసి రావడానికి కారణం పాచి కాదు, రెండేళ్లుగా మీరు వేస్తున్న మందు నీటిలో మిగిల్చిన శేషం. తిరుపతి చుట్టుపక్కల ఇళ్లలోను, అతిథి గృహాల్లోను కొలనుల నిర్వహణ చూస్తూ ఇరవై ఏళ్లు గడిపాను. మందు వేసినా పాచి పోవడం లేదని పిలిచిన చోట నాకు ఎక్కువగా కనిపించిన కారణం ఇదే.

టీసీసీఏ నీటిలో కరిగినప్పుడు రెండుగా విడిపోతుంది. ఒకటి క్లోరిన్, అది పాచిని, సూక్ష్మజీవులను చంపుతూ కొంత, ఎండకు విరిగిపోతూ కొంత ఖర్చైపోతుంది. రెండోది సైనూరిక్ ఆసిడ్. దుకాణాల్లో స్టెబిలైజర్ అని అమ్మేది దాన్నే. ఇది ఖర్చు కాదు, ఆవిరి కాదు, ఫిల్టర్‌లో ఆగదు. నీళ్లు ఆవిరైతే నీళ్లే పోతాయి, అది కొలనులోనే ఉండిపోతుంది. మీ కొలను సగటు లోతు 1.4 మీటర్లు అనుకుంటే 8ని 4తో, దాన్ని 1.4తో గుణించగా దాదాపు 45 ఘనపు మీటర్లు, అంటే 45,000 లీటర్లు. అంత నీటిలో ఒక కిలో టీసీసీఏ వేస్తే క్లోరిన్ 20 పీపీఎం, స్టెబిలైజర్ 12 పీపీఎం చేరుతాయి. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే ఒక పీపీఎం. వారానికి పన్నెండు చొప్పున నెలకు యాభై దాకా చేరుతూ పోతే, వానలకు పొర్లిపోయినది, బ్యాక్‌వాష్‌లో, అంటే నీటిని వెనక్కి పంపి ఫిల్టర్‌ను కడిగినప్పుడు, బయటికి పోయినది తీసేసినా, రెండేళ్ల తర్వాత మీ నీటిలో అది 150కి తక్కువ ఉండదని నా అంచనా.

స్టెబిలైజర్ చెడ్డ పదార్థమని ఇక్కడ అర్థం చేసుకోకూడదు. మన మే నెల ఎండలో అది అసలు లేని కొలనులో క్లోరిన్ గంట తిరగకముందే సగమైపోతుంది. 30 నుంచి 50 పీపీఎం వరకు అది క్లోరిన్‌కు నీడ పట్టినట్లు పనిచేస్తుంది. అంతకు మించితే ఆ నీడే బంధనమవుతుంది. గాదెలో ధాన్యం ఉన్నా తాళంచెవి చేతిలో లేకపోతే పొయ్యి మీదికి గింజ రానట్లు, క్లోరిన్ నీటిలో ఉంటుంది, కిట్‌లో కనిపిస్తుంది, కానీ పాచిని చంపవలసిన వేళకు అందదు. అనుభవంలో నిలిచిన లెక్క ఏమిటంటే, పాచి రాకుండా ఉండాలంటే స్వేచ్ఛా క్లోరిన్, అంటే మలినాలతో కలిసిపోకుండా మిగిలిన క్లోరిన్, ఎప్పుడూ స్టెబిలైజర్‌లో 7.5 శాతానికి తగ్గకూడదు. వచ్చిన పాచిని చంపాలంటే 40 శాతం దాకా పెంచి అక్కడే నిలపాలి. స్టెబిలైజర్ 40 ఉన్న కొలనుకు రోజువారీగా 3, చికిత్సకు 16 పీపీఎం చాలు. అదే 160 ఉన్న కొలనుకు రోజువారీగా 12, చికిత్సకు 64 కావాలి. మీరు మందు రెట్టింపు చేసినప్పుడు నాలుగు రోజులు తగ్గినట్లు కనిపించి మళ్లీ రావడానికి కారణం ఇదే: క్లోరిన్ చంపే స్థాయికి చేరనే లేదు, పైగా ఆ రెట్టింపు మందుతో స్టెబిలైజర్ ఇంకా పెరిగింది.

మీ కిట్ సంగతి కూడా చెప్పాలి. చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చే కిట్ మొత్తం క్లోరిన్‌ను చూపుతుంది. చెమట, మూత్రం వంటి మలినాలతో కలిసిపోయి శక్తి కోల్పోయిన క్లోరిన్ కూడా అందులో లెక్కకు వస్తుంది. స్వేచ్ఛా క్లోరిన్‌ను విడిగా చూపేది డీపీడీ పద్ధతి. అందులో గులాబీ రంగు వస్తుంది. చుక్కలు లెక్కపెడుతూ ఆ గులాబీ రంగు పోయే దాకా వేసే రకం కిట్ దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే చికిత్స సమయంలో కావలసిన పెద్ద అంకెలను రంగు పోల్చి చెప్పడం సాధ్యం కాదు. దానితో పాటు స్టెబిలైజర్ కొలిచే కిట్ తప్పనిసరిగా తెప్పించండి. అందులో నీళ్లు, మందు కలిపితే పాలలా తెల్లబడతాయి. గొట్టంలో పోస్తూ అడుగున ఉన్న నల్లచుక్క ఎక్కడ మాయమైందో చూసి అంకె చదవాలి. మామూలు కిట్ 100 వరకే చదువుతుంది కాబట్టి, మీ కొలను నీటికి సమానంగా శుద్ధమైన నీరు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి. ఆ అంకె తెలియకుండా ఇక ఒక్క గ్రాము మందు కూడా కొనవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

స్టెబిలైజర్‌ను తగ్గించడానికి నమ్మదగిన మార్గం నీళ్లు మార్చడం ఒక్కటే. 160 ఉంటే ముప్పావు వంతు తీసి కొత్త నీళ్లు నింపగా 40కి వస్తుంది. 80 మాత్రమే ఉంటే సగం తీస్తే చాలు. ముప్పావు అంటే దాదాపు 34,000 లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. మన జిల్లాలో వేసవిలో అంత నీరు పారబోయడం ఎంత మనసు కష్టమో నాకు తెలుసు. అందుకే ఈ పరిస్థితి మళ్లీ రాకుండా చూసుకోవడం గురించి కింద విస్తారంగా రాశాను. మందు వేయడం ఆపి, క్లోరిన్ సున్నాకు దిగిన తర్వాత ఆ నీటిని ఖాళీ నేల మీద పలుచగా పారించండి. నారుమడికి గాని చెరువుకు గాని వదలకండి. నీళ్లు పూర్తిగా తోడేయవద్దనడానికి బలమైన కారణం ఉంది. నేలలో ఊట ఎక్కువగా ఉన్నప్పుడు ఖాళీ కొలను కింది నుంచి వచ్చే ఒత్తిడికి పైకి లేవవచ్చు, అడుగు చిట్లవచ్చు. ఇప్పుడు ఎండాకాలం కాబట్టి ఆ ప్రమాదం తక్కువే గానీ, కార్తీకంలో వానలు పడుతున్నప్పుడు మాత్రం ఆ పని అసలు తలపెట్టకూడదు. ఎండలో టైల్స్ గంటల తరబడి కాలిపోకుండా సాయంత్రం తోడి, రాత్రంతా నింపుకోవడం మేలు.

నింపే ముందు బోరు నీటిని ఒక తెల్ల బకెట్‌లో పట్టి, అందులో ఒక చెంచా లిక్విడ్ క్లోరిన్ వేసి గంటసేపు ఉంచండి. చిత్తూరు ప్రాంతంలో బోర్లు రాతి పొరల్లోంచి నీటిని తెస్తాయి. కొన్నింట్లో సున్నపు కాఠిన్యం మాత్రమే ఉంటుంది, కొన్నింట్లో ఇనుము కూడా ఉంటుంది. ఇనుము ఉంటే బకెట్‌లోని నీళ్లు టీ రంగుకో, పచ్చి గోధుమ రంగుకో తిరుగుతాయి. ఈ పరీక్ష చేయకపోవడం వల్ల రేణిగుంట వైపు ఒక ఇంట్లో నేను రెండు రోజులు వృథా చేశాను. అక్కడ నీళ్లు పచ్చగా ఉన్నా అడుగు స్పష్టంగా కనిపించేది, గోడ చేతికి జారేది కాదు. పాచి పట్టిన కొలనులో నీళ్లు మసకగా ఉంటాయి, గోడ జిగటగా ఉంటుంది. పచ్చదనం ఉండి నీళ్లు తేటగా ఉంటే అది లోహం. ఆ ఇంట్లో క్లోరిన్ పోసిన కొద్దీ రంగు ముదిరింది గానీ తగ్గలేదు. మీ బకెట్‌లో రంగు మారితే పట్టణ సరఫరా వంటి శుద్ధి చేసిన నీటిని ట్యాంకరుతో తెప్పించుకోవడం అన్నిటికంటే తక్కువ శ్రమ.

ఇక పాచిని చంపే పని. కొత్త నీళ్లు నిండి, పంపు కొన్ని గంటలు తిరిగి అంతా కలిసిన తర్వాత స్టెబిలైజర్‌ను మళ్లీ కొలవండి. పీహెచ్‌ను, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకెను, 7.2కి తెచ్చుకోండి. స్టెబిలైజర్ లేని నీటిలో పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగమే చురుకైన రూపంలో ఉంటుంది, 8కి చేరితే పావు వంతుకు పడిపోతుంది. స్టెబిలైజర్ ఉన్న నీటిలో ఈ తేడా కొంత మెత్తబడినా, తక్కువ పీహెచ్‌తో మొదలుపెట్టడమే మంచిది. పైగా క్లోరిన్ 10 దాటిన తర్వాత పీహెచ్ కిట్ తప్పు చూపుతుంది కాబట్టి ఆ సర్దుబాటు ముందే జరిగిపోవాలి. తగ్గించడానికి హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌ను కొద్దికొద్దిగా, నీటిలో పలుచన చేసి, పంపు తిరుగుతుండగా పోయాలి. ఆసిడ్‌ను నీటిలోకి పోయాలి గానీ ఆసిడ్ మీద నీళ్లు పోయకూడదు. ఆసిడ్, క్లోరిన్ ఒకదానికొకటి తగిలితే విషవాయువు పుడుతుంది; రెండింటినీ ఒకే గదిలో, ఒకే మగ్గుతో వాడకండి. టీసీసీఏ, కాల్షియం హైపోక్లోరైట్ పొడులు కలిస్తే మంటలు లేస్తాయి, పేలుడు కూడా జరగవచ్చు. కాబట్టి మిగిలిన టీసీసీఏ డబ్బాలో వేరే ఏ పొడీ వేయవద్దు, దాన్ని కొలిచిన గరిటెను ఇంకో మందులో ముంచవద్దు.

చికిత్సకు నేను సిఫారసు చేసేది క్యాన్లలో దొరికే లిక్విడ్ క్లోరిన్, అంటే సోడియం హైపోక్లోరైట్. అది స్టెబిలైజర్‌ను గాని సున్నాన్ని గాని చేర్చదు. కాల్షియం హైపోక్లోరైట్ కూడా పాచిని బాగా చంపుతుంది, కానీ ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌తో 7 పీపీఎం సున్నపు కాఠిన్యం పెంచుతుంది. ఇప్పటికే గట్టిగా ఉన్న మన బోరు నీటిలో అది తెల్లటి చారలుగా టైల్స్‌కు పట్టి, ఆ గరుకుదనమే పాచికి మళ్లీ పట్టు ఇస్తుంది. బ్లీచింగ్ పౌడర్‌తో ఇంతకంటే ఎక్కువ సున్నం మిగులుతుంది. పది శాతం లిక్విడ్ క్లోరిన్ అయితే మీ కొలనులో ఒక పీపీఎం పెంచడానికి 450 మిల్లీలీటర్లు కావాలి. స్టెబిలైజర్ 40 దగ్గర ఉంటే లక్ష్యం 16 కాబట్టి మొదటిసారి 7 లీటర్ల పైచిలుకు పోయవలసి వస్తుంది. నీళ్లు తిరిగి వచ్చే గొట్టం ముందు, సన్నని ధారగా, సూర్యాస్తమయం తర్వాత మొదలుపెట్టండి.

పోసిన వెంటనే బ్రష్ పట్టుకోవాలి. ఇది మందు కంటే తక్కువ పని కాదు. పాచి పైపొర కింది పొరకు కవచంలా నిలుస్తుంది. దాన్ని చెదరగొట్టకపోతే క్లోరిన్ పైనే ఖర్చైపోతుంది. గోడలు, అడుగు, మెట్ల మూలలు, నిచ్చెన వెనుక భాగం, దీపాల అంచులు, నీటి మీద తేలే చెత్తను లాగే స్కిమ్మర్ లోపలి గోడ, ఇవన్నీ రోజుకు రెండుసార్లు రుద్దాలి. టైల్స్ మధ్య గ్రౌటులో నల్లటి చుక్కలు కనిపిస్తే అది నల్లపాచి. దాని వేళ్ల వంటి భాగం లోపలికి దిగి ఉంటుంది కాబట్టి గట్టి బ్రష్‌తో పైపొర చీరి, అదే చోట పదే పదే రుద్దితే తప్ప పోదు. నీడ ఉన్న గోడ మీద పసుపు ధూళిలా పట్టి, తాకగానే పొగలా లేచేది పసుపుపాచి. దానికి లక్ష్యాన్ని స్టెబిలైజర్‌లో 60 శాతం వరకు పెంచాలి, పిల్లల ఈత ట్యూబులు, బొమ్మలు, బ్రష్‌ల కర్రలు కూడా అదే నీటిలో ముంచి ఉంచాలి, లేకపోతే వాటి మీద మిగిలినది మళ్లీ నీటిలోకి వస్తుంది.

మొదటి రోజు మీరు పోసిన క్లోరిన్ ఒకటి రెండు గంటల్లోనే కరిగిపోయినట్లు కనిపిస్తుంది. అది పాచిని కాల్చుతూ ఖర్చవుతోందని గ్రహించి, పగలు ప్రతి మూడు నాలుగు గంటలకు కొలిచి, తగ్గిన మేరకు పోసి మళ్లీ 16కి తేవాలి. చాలామంది ఇక్కడే ఓడిపోతారు. సాయంత్రం ఒకసారి పోసి, మర్నాడు సాయంత్రం వరకు చూడకుండా వదిలేస్తే, మధ్యాహ్నానికల్లా సున్నాకు దిగి, బతికిన పాచి రాత్రికి మళ్లీ పెరుగుతుంది. పంపు ఇరవై నాలుగు గంటలూ తిరగాలి; కరెంటు పోతే, వచ్చిన వెంటనే మళ్లీ వేయండి. శాండ్ ఫిల్టర్ మీద ఉన్న ప్రెషర్ గేజ్, ఇసుక శుభ్రంగా ఉన్నప్పుడు చూపే అంకె కంటే 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగినప్పుడు బ్యాక్‌వాష్ చేయండి. మొదటి రెండు రోజులు అది రోజుకు రెండుసార్లు కూడా అవసరం కావచ్చు. చచ్చిన పాచి నీటిని పచ్చరంగు నుంచి బూడిద రంగుకు, తర్వాత పాలనీళ్ల తెలుపుకు తిప్పుతుంది. ఆ తెలుపును చూసి భయపడి ఇంకో మందు వేయకండి. అది ఫిల్టర్ పని, మూడు నాలుగు రోజులు పడుతుంది.

తొందర ఉంటే పటిక వాడవచ్చు. ఘనపు మీటరుకు 50 గ్రాముల చొప్పున మీ కొలనుకు రెండుంపావు కిలోలు సరిపోతాయి. పటికను నీటిలో కరిగించి కొలనంతా చల్లి, ఫిల్టర్‌ను తప్పించే రీసర్క్యులేట్ స్థానంలో వాల్వు ఉంచి గంట రెండు గంటలు తిప్పి, పంపు ఆపి రాత్రంతా వదిలేస్తే మలినం అడుగున దుప్పటిలా పేరుకుంటుంది. దాన్ని వాల్వు వేస్ట్ స్థానంలో పెట్టి, కదలకుండా నెమ్మదిగా వ్యాక్యూమ్ చేసి బయటికి పంపాలి. ఫిల్టర్ గుండా పంపితే ఇసుక గడ్డకడుతుంది. తర్వాత పీహెచ్, ఆల్కలినిటీ తగ్గి ఉంటాయి, వంట సోడాతో సరిచేసుకోవాలి. 2021 నవంబరు వరదల తర్వాత తిరుపతిలో బురదనీళ్లు చేరిన కొలనుల్లో పటికే ఆదుకుంది. పాచికి మాత్రం ఓపిక ఉంటే ఫిల్టర్‌నే నమ్ముకోమంటాను, పటిక పద్ధతిలో వేస్ట్‌కు పోయే నీరు కూడా తక్కువేమీ కాదు.

చికిత్స ముగిసిందని తేల్చడానికి మూడు గుర్తులు కలిసి రావాలి. నీళ్లు తేటగా ఉండి లోతు వైపు అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ గీతలు స్పష్టంగా కనిపించాలి. మొత్తం క్లోరిన్‌కు, స్వేచ్ఛా క్లోరిన్‌కు మధ్య తేడా 0.5 దాటకూడదు. రాత్రి చీకటి పడ్డాక కొలిచి, తెల్లవారి ఎండ పడకముందు మళ్లీ కొలిస్తే తగ్గుదల 1 పీపీఎంకు మించకూడదు. రాత్రి ఎండ ఉండదు కాబట్టి అంతకంటే ఎక్కువ తగ్గిందంటే తినేది ఇంకా ఏదో నీటిలో బతికి ఉన్నట్లే. మసక నీటిలో మునిగిన పిల్లవాడు పైనున్నవారికి కనిపించడు. అడుగు స్పష్టంగా కనబడే వరకు ఎవరినీ, ఒక్క నిమిషానికి కూడా దిగనివ్వకండి.

మైలుతుత్తం ఎందుకు వద్దన్నానో చెప్పాలి. అందులోని రాగి పాచిని చంపుతుందన్నది నిజమే. కానీ రాగి కూడా స్టెబిలైజర్ లాగే నీటిలో పోగవుతుంది, పీహెచ్ పెరిగినప్పుడు తెల్ల గ్రౌటు మీద నీలి, నలుపు మరకలుగా దిగుతుంది. నా తొలినాళ్లలో ఒక ఇంటి కొలనులో నేనే అది వేయించాను. పాచి పోయింది గానీ మరకలు పోలేదు, ఆ ఇంటి అమ్మాయి రంగు వెలిసిన జుట్టు కొసలు పచ్చరంగుకు తిరిగాయి. జుట్టు అలా మారడానికి కారణం క్లోరిన్ అని అందరూ అనుకుంటారు, కానీ అది రాగి పని. ఆ నీళ్లు చెరువులోకి చేరితే చేపలకూ ముప్పే. ఫాస్ఫేట్ తొలగించే మందుల మీద కూడా డబ్బు పెట్టనక్కర లేదు. క్లోరిన్ సరిగా ఉన్న నీటిలో ఫాస్ఫేట్ ఉన్నా పాచి పెరగదు. అయితే తోటలో డీఏపీ వేసిన రోజుల్లో ఆ మట్టి, ఆ నీరు కొలనులోకి కొట్టుకురాకుండా అంచున చిన్న కాలువ తీయించడం మంచి పనే.

ఇకపై రోజువారీ పద్ధతి. వేసవిలో మీ కొలను రోజుకు 3 నుంచి 4 పీపీఎం వరకు క్లోరిన్ కోల్పోవచ్చు. అంటే సాయంత్రం లీటరున్నర నుంచి రెండు లీటర్ల లిక్విడ్ క్లోరిన్. చలికాలంలో సగం సరిపోతుంది. మీ కొలనుకు ఎంత కావాలో మొదటి రెండు వారాలు రోజూ కొలిస్తే తెలిసిపోతుంది; ఉదయం కొలిచినా, సాయంత్రం కొలిచినా 3కి దిగకుండా చూడండి. క్యాన్లను నీడలో, గాలి తగిలే చోట ఉంచాలి. మన ఎండ వేడికి వారాల్లోనే దాని సత్తువ తగ్గిపోతుంది, కాబట్టి రెండు వారాలకు సరిపడా మాత్రమే కొనండి, ప్యాకింగ్ తేదీ అడగండి. టీసీసీఏను పూర్తిగా మానేయమనను. పది రోజులు ఊరెళ్లేటప్పుడు నీటి మీద తేలే ఫ్లోటర్ డబ్బాలో బిళ్లలు పెట్టి వెళ్లండి, నెలకొకసారి స్టెబిలైజర్ కొలుస్తూ 50 దాటనివ్వకండి. పంపు వేసవిలో రోజుకు 8 నుంచి 10 గంటలు, వీలైనంత పగటి పూట తిరగాలి. వారానికి రెండుసార్లు బ్రష్ చేయాలి, పాచి కనిపించకపోయినా చేయాలి. ఫిల్టర్ ఇసుక ఐదేళ్లు దాటితే మూత విప్పి చూడండి. గడ్డలు, గుంతలు కనిపిస్తే మార్చండి. జలపాతం వంటి అలంకరణ ఉంటే అది తిరిగిన కొద్దీ పీహెచ్ పెరుగుతుంది, దాన్ని వారానికి రెండుసార్లు చూసుకోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు పెద్ద వానలు. తుపాను హెచ్చరిక రాగానే, వాన మొదలు కాకముందే క్లోరిన్‌ను మామూలు కంటే రెండు మూడు పీపీఎం పెంచి ఉంచండి. వాన వెలిసిన పూటే ఆకులు తీసి, కొలిచి, తగ్గింది పూడ్చండి. తిరుమలలో స్వామి పుష్కరిణిని ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు కొన్ని వారాలు మూసి, నీళ్లు తోడి, పూడిక తీసి శుభ్రం చేస్తారు. ఇంటి కొలనుకు ఏటా నీళ్లు తోడనక్కర లేదు గానీ, వానలకు ముందు ఒక రోజు దానికోసం కేటాయించి ఫిల్టర్, వాల్వు, స్కిమ్మర్, కిట్‌లోని మందుల గడువు తేదీలు అన్నీ చూసుకోవడం మా పనివాళ్లకు నేను నేర్పిన అలవాటు.

ముందుగా చేయవలసినవి రెండే: స్టెబిలైజర్ కొలవడం, బకెట్ పరీక్ష. ఆ రెండు ఫలితాలు, ఇప్పటి పీహెచ్, ఫిల్టర్ ఇసుక ఎన్నేళ్ల క్రితం వేసిందో రాయండి. ఎంత నీరు తీయాలో, మొదటి రోజు ఎన్ని లీటర్లు పోయాలో మీ అంకెలతోనే లెక్కకట్టి చెబుతాను. అప్పటి వరకు టీసీసీఏ ఆపేయండి, కొలను చుట్టూ తాడు కట్టి పిల్లలను దగ్గరికి రానివ్వకండి.